మా జీడి ఫ్యాక్టరీ గ్రాట్యుటీ కేసు, వియత్నాం పప్పు, ఒక ఆస్ట్రేలియా కంపెనీ

మాది గంజాం జిల్లాలో ఆంధ్రా బోర్డరుకి ఆనుకున్న ఊరు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా అంటారు గానీ మా వీధుల్లో వినపడేది తెలుగే. ఇక్కడ ఒక జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పనికి, అంటే పప్పుని సైజుల వారీగా వేరు చేసే పనికి చేరాను, తర్వాత ఆ సెక్షన్‌కే సూపర్‌వైజర్‌నయ్యి ఎవరు ఎన్ని కిలోలు చేశారో రిజిస్టర్ రాసేదాన్ని. మొత్తం పన్నెండేళ్లు చేశాను. 2022లో ఫ్యాక్టరీ మూసేశారు. మూసేసినప్పుడు ఎవరికీ ఒక్క రూపాయి కూడా సెటిల్‌మెంట్ ఇవ్వలేదు. మేమంతా కలిసి గ్రాట్యుటీ (పని ఆగిపోయినప్పుడు, చేసిన ఏళ్లని బట్టి యజమాని ఇవ్వాల్సిన డబ్బు) కోసం కేసు వేసి ఆర్డరు తెచ్చుకున్నాం, కొందరికి డబ్బు వచ్చింది, కొందరికి ఇంకా రాలేదు.

ఈ కేసు ఎలా నడిచిందో రాస్తే మాలాంటి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. ఇంకో విషయం కూడా చెప్పాలి. కేసు తిరుగుతున్నప్పుడే దేశాల మధ్య ఒప్పందాల గురించి కొంచెం చదివాను. అందులో కంపెనీకి ఇచ్చే హామీ వేరు, పనివాళ్లకి ఇచ్చే హామీ వేరు. అది తెలిసిన దగ్గర్నుంచి నాకు చాలా కోపంగా ఉంది.

ముందు మూసివేత సంగతి. యజమాని మమ్మల్ని లోపలికి పిలిచి చెప్పింది ఇది: "వియత్నాం పప్పు చవగ్గా దిగుతోందమ్మా, మనం నిలబడలేం, నేనేటి చెయ్యను." అందులో కొంత నిజం లేకపోలేదు. 2006 నుంచి జీడిపప్పు ఎగుమతిలో వియత్నాం మనల్ని దాటేసింది. వాళ్లవి ఎక్కువ మెషీన్లు, మనది చేతి పని. ఆసియాన్ దేశాలతో మన సరుకుల ఒప్పందం 2010 జనవరి నుంచి అమల్లో ఉంది, వియత్నాం అందులో దేశమే. బయటి పప్పు తక్కువ ధరకి దిగకుండా 2019లో కేంద్రం కనీస దిగుమతి ధర పెట్టింది, ముక్క పప్పుకి కిలో 680 రూపాయలు, గుండు పప్పుకి 720. అయినా పచ్చి పప్పుని వేయించిన పప్పు అని, పశువుల దాణా అని రాసి దించేస్తున్నారని ఇక్కడి వ్యాపారులు ఎప్పుడూ గోల పెట్టేవాళ్లు.

కానీ యజమాని చెప్పనిది కూడా ఉంది. మేం కొట్టే పిక్క (పప్పు తీయని జీడి గింజ) కూడా చాలా వరకు బయటిదే. ఉద్దానం, గంజాం, కోరాపుట్ పిక్క మార్చి నుంచి జూన్ దాకా వస్తుంది, ఆ తర్వాత ఫ్యాక్టరీ నడిచేది ఆఫ్రికా పిక్కతోనే. ఐవరీ కోస్ట్, బెనిన్ పిక్క వానాకాలంలో దిగేది, టాంజానియా పిక్క సంక్రాంతికి అటూ ఇటూ వచ్చేది. 2018 బడ్జెట్‌లో పచ్చి పిక్క మీద దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు, ఆ సంవత్సరం మా దగ్గర స్వీట్లు కూడా పంచారు. సుంకం తగ్గినప్పుడు మా కిలో రేటు పెరగలేదు. పోటీ పెరిగినప్పుడు మాత్రం నష్టమంతా మా మీద పడింది, ఫ్యాక్టరీకి తాళం పడింది. అదే కుటుంబం వాళ్లు ఇంకో పేరు మీద, కటింగ్ మెషీన్లతో, కొంచెం దూరంలో ఇంకో యూనిట్ తెరిచారు. అందులో మాలో ఎవరినీ తీసుకోలేదు.

వియత్నాం ఆడవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. ఐవరీ కోస్ట్ రైతుల మీదా లేదు, వాళ్లు పండించిన పిక్కని వాళ్లే కొట్టుకుని పప్పు అమ్ముకోవాలనుకుంటే అది వాళ్ల హక్కు. నేను అడిగేది ఒక్కటే, సరిహద్దులు తెరిచి పిక్కనీ పప్పునీ అటూ ఇటూ తిప్పే ఒప్పందం రాసేటప్పుడు, మధ్యలో ఆ పిక్క సొన పడి చేతులు కాలిన మనిషికి రావాల్సిన డబ్బుకి ఎవరు పూచీ?

ఇక కేసు.

మొదటి టెన్షన్, ఏ రాష్ట్రంలో వెయ్యాలి అన్నది. మాలో సగం మంది రోజూ ఇచ్ఛాపురం వైపు నుంచి షేర్ ఆటోల్లో వచ్చేవాళ్లు, ఆధార్ ఆంధ్రాది, ఫ్యాక్టరీ ఒడిశాది. వాళ్లు ముందు తమ వైపు ఆఫీసుకి వెళ్తే, మా పరిధి కాదు అని చెప్పి పంపేశారు. అది సరైన మాటే, గ్రాట్యుటీ కేసు ఫ్యాక్టరీ ఎక్కడుంటే అక్కడి లేబర్ ఆఫీసులోనే వెయ్యాలి, మనం ఎక్కడ నివసిస్తున్నామన్నది లెక్కలోకి రాదు. బోర్డరు జిల్లాల్లో పనిచేసేవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే తిప్పలు తగ్గుతాయి. ఫారాలు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మా వాళ్లకి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నాకు కొంచెం చదవడం వచ్చు కాబట్టి అందరివీ నేనే నింపాను, ఊళ్లో టైపు చేసే ఒక తమ్ముడు సాయం చేశాడు.

మా కేసు పాత గ్రాట్యుటీ చట్టం కింద నడిచింది. దాని ప్రకారం ముందు యజమానికి ఫారమ్ ఐ అనే దరఖాస్తు ఇవ్వాలి. ఫ్యాక్టరీ గేటుకి తాళం ఉంది కదా, ఎవరికి ఇస్తాం? రిజిస్టర్డ్ పోస్టులో కంపెనీ అడ్రసుకీ, యజమాని ఇంటి అడ్రసుకీ రెండింటికీ పంపాం. ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. ఆ తిరిగొచ్చిన కవరు చింపకుండా దాచుకోవాలి, అది కూడా సాక్ష్యమే. డబ్బు రావాల్సిన తేదీ నుంచి ముప్పై రోజుల్లో యజమాని ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ తర్వాత రోజుల మీద ఏడాదికి 10 శాతం వడ్డీ. అప్పటికీ ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో ఈ కేసులు తేల్చే అధికారికి, అంటే కంట్రోలింగ్ అథారిటీకి, ఫారమ్ ఎన్ అనే దరఖాస్తు పెట్టాలి. ఆలస్యమైతే ఎందుకైందో కారణం రాస్తే తీసుకుంటారు. మాలో ఒకామె కాన్పుకి వెళ్లి ఆలస్యంగా వచ్చింది, ఆమెదీ తీసుకున్నారు.

వాయిదాలు మొదలయ్యాక అవతలి వకీలు మూడు మాటలు అన్నారు.

ఒకటి, వీళ్లు కిలో లెక్క కూలీలు, ఉద్యోగులు కారు, గ్రాట్యుటీ వర్తించదు. ఇది మేం చాలా ఏళ్లుగా ఫ్యాక్టరీలో విన్న మాటే, మాలో చాలామంది నిజమని నమ్మారు కూడా. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలో కిలో లెక్క, పీస్ లెక్క చేసేవాళ్ల గురించి విడిగా రాసి ఉంది: పని ఆగిపోవడానికి ముందు మూడు నెలల్లో వచ్చిన మొత్తం కూలిని సగటు చేసి రోజు కూలి తీస్తారు, దాన్ని 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో గుణిస్తారు. రోజు సగటు 300 వస్తే పన్నెండేళ్లకి 54,000 రూపాయలు. యాభై నాలుగు వేలు అన్నది పెద్ద కంపెనీ పుస్తకాల్లో కనపడని అంకె, మా ఇళ్లల్లో మాత్రం ఒక పిల్ల నర్సింగ్ ఫీజు, లేకపోతే ఒక అప్పు తీరడం.

రెండోది, ఇది సీజనల్ ఫ్యాక్టరీ. సీజనల్ అయితే ఏడాదికి పదిహేను రోజులు కాదు, సీజన్‌కి ఏడు రోజుల కూలే లెక్క. సగానికి పైగా పోయినట్టే. ఇక్కడ నేను రాసిన రిజిస్టర్లు మమ్మల్ని కాపాడాయి. మన పిక్క అయితే సీజనే గానీ ఆఫ్రికా పిక్కకి మా ఊరి సీజన్‌తో పనేముంది? లాట్ నంబరు, ఏ దేశం పిక్క, ఏ తారీఖున బాయిలర్‌కి వెళ్లింది, ఏ వారం పీలింగ్, ఏ వారం గ్రేడింగ్, 240 రకం పప్పు ఎంత, 320 రకం ఎంత, ముక్క ఎంత అని సెక్షన్ కాపీలు నా దగ్గర ఉన్నాయి. జులై, సెప్టెంబర్, డిసెంబర్, ఫిబ్రవరి, అన్ని నెలల్లోనూ పని జరిగినట్టు వాటిలో ఉంది. పూర్తి ఏడాదిగా లెక్కకి రావడానికి కావాల్సిన 240 రోజుల పని అక్కడే తేలిపోయింది. అథారిటీ గారు ఆ పుస్తకాలు తిప్పి చూసి, అవతలి వకీలుని మీ అసలు రిజిస్టర్లు తెండి అన్నారు. వాళ్లు వాయిదా అడిగారు. తర్వాత వాయిదాకీ తేలేదు, ఆ తర్వాతా తేలేదు.

మూడోది పేర్లు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇక్కడ మస్టర్ (హాజరు పట్టీ) రాసే ఒడియా గుమాస్తాకి ఇంటిపేరు చివర ఉండాలి. ఒకే మనిషి మస్టర్‌లో ఒకలా, పీఎఫ్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. లక్ష్మి అని ఒక్క మాటే రాసిన పేర్లు మా సెక్షన్‌లోనే బోలెడు. ఈ లక్ష్మి ఆ లక్ష్మే అని రుజువు చెయ్యడానికి అఫిడవిట్లు, తోటి పనివాళ్ల సాక్ష్యం, పాత ఈఎస్ఐ కార్డులు. ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పప్పు పొట్టు తీసిన మనిషి, నేను నేనే అని బల్ల ముందు నిలబడి నిరూపించుకోవాల్సి వచ్చింది. ఒక పెద్దమ్మ అక్కడే ఏడ్చేసింది. "నా చేతులు చూడండి బాబూ, ఇంకేటి కావాలి" అంది. ఆమె వేళ్లు జీడి చమురుకి నల్లగా కాలి ఉన్నాయి, బూడిద రాసుకుని చేసినా ఆ మచ్చ పోదు.

ఈ వాయిదాల మధ్యలోనే, బయట చెట్టు కింద కూర్చున్నప్పుడు, మా తరఫున వచ్చే వకీలు గారు ఆస్ట్రేలియా కంపెనీ సంగతి చెప్పారు. నేను ఇంటికెళ్లి ఫోన్‌లో వెతికి, అర్థం కాని చోట ఆయన్నే మళ్లీ అడిగి తెలుసుకున్నాను.

వైట్ ఇండస్ట్రీస్ అని ఒక ఆస్ట్రేలియా కంపెనీ. 1989లో మన ప్రభుత్వ బొగ్గు కంపెనీ కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకుని, ఇప్పటి జార్ఖండ్‌లోని పిపర్వార్ బొగ్గు గనిలో పనిచేసింది. డబ్బుల దగ్గర గొడవ వచ్చింది. 2002లో మధ్యవర్తులు కంపెనీ వైపు తీర్పిచ్చారు, సుమారు 40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ తీర్పు రద్దు చెయ్యాలని కోల్ ఇండియా కలకత్తా కోర్టుకి వెళ్లింది, విషయం సుప్రీంకోర్టు దాకా పోయి అక్కడ ఏళ్ల పాటు ఉండిపోయింది. ఇంతవరకూ మా కథలాంటిదే, తీర్పు ఉంది డబ్బు లేదు. తేడా ఇక్కడ మొదలవుతుంది. భారత్‌కీ ఆస్ట్రేలియాకీ మధ్య పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఒకటి ఉండేది. దాని కింద ఆ కంపెనీ నేరుగా భారత ప్రభుత్వం మీదే అంతర్జాతీయ కేసు వేసింది. కువైట్‌తో మనం చేసుకున్న ఇంకో ఒప్పందంలో, పెట్టుబడిదారు తన హక్కుని అమలు చేయించుకోవడానికి పనికొచ్చే మార్గం ప్రభుత్వం కల్పించాలి అనే మాట ఉంది. వాళ్లకి ఇచ్చింది మాకూ ఇవ్వాలి అని కంపెనీ వాదించింది. 2011 నవంబర్‌లో ట్రిబ్యునల్ ఒప్పుకుంది. కోర్టుల్లో అంత ఆలస్యం కావడమే ఒప్పంద ఉల్లంఘన అని, ఆ డబ్బు వడ్డీతో సహా భారత ప్రభుత్వమే కట్టాలని చెప్పింది.

ఇది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కంపెనీకి న్యాయం దొరకడం తప్పని నేను అనను, తీర్పు వచ్చిన డబ్బు తొమ్మిదేళ్లు ఆగితే ఎవరికైనా అన్యాయమే. కానీ అదే ఆలస్యం మా పెద్దమ్మ విషయంలో జరిగితే దానికి పేరేమిటి? ఏ ఒప్పందంలోనూ దానికి పేరు లేదు. ఆమె వెళ్లి నిలబడే ట్రిబ్యునల్ లేదు. ఈ కేసు తర్వాత మన ప్రభుత్వం జాగ్రత్త పడింది, పెట్టుబడుల ఒప్పందాలకి 2016లో కొత్త నమూనా తెచ్చి పాత ఒప్పందాలు చాలావాటిని రద్దు చేసింది. విదేశీ పెట్టుబడిదారు ముందు అయిదేళ్లు మన కోర్టుల్లో తిరగాలి అని అందులో పెట్టింది. 2024లో యూఏఈతో చేసుకున్న ఒప్పందంలో ఆ అయిదేళ్లని మూడుకి దించింది.

మరి పనివాళ్ల గురించి ఒప్పందాల్లో ఏమీ ఉండదా అంటే, ఉంటుంది. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్టెన్‌స్టెయిన్ దేశాల ఎఫ్టా కూటమితో 2024 మార్చి 10న సంతకం చేసిన ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కార్మిక హక్కుల మాట ఉన్న అధ్యాయం ఉంది, కానీ తగాదాలు తేల్చే మధ్యవర్తిత్వం ఆ అధ్యాయానికి వర్తించదు. మాట్లాడుకోవచ్చు, సంప్రదించుకోవచ్చు, అంతే. అదే ఒప్పందంలో పదిహేనేళ్లలో 100 బిలియన్ డాలర్ల పెట్టుబడి, 10 లక్షల ఉద్యోగాలు తెచ్చేందుకు ప్రయత్నిస్తామని రాశారు, అది జరగకపోతే మనం ఇచ్చిన సుంకం రాయితీలు వెనక్కి తీసుకునే వీలు పెట్టుకున్నారు. డబ్బు మాట దగ్గర పట్టు ఎలా పెట్టాలో మన అధికారులకి బాగా తెలుసన్నమాట. పనివాళ్ల మాట దగ్గర ఆ పట్టు పెట్టలేదు, మన ప్రభుత్వమే వద్దనుకుంటోంది కూడా.

పట్టు ఉన్నట్టు రాసినా సరిగా రాయకపోతే ఏమవుతుందో గ్వాటెమాలా కేసులో చూశాను. అమెరికాతో వాళ్లకున్న వ్యాపార ఒప్పందంలో కార్మిక చట్టాలు అమలు చెయ్యాలనే షరతు ఉంది. అక్కడి యూనియన్లూ అమెరికా యూనియన్ల సమాఖ్యా కలిసి 2008లో ఫిర్యాదు చేస్తే 2017లో తీర్పొచ్చింది. తీసేసిన పనివాళ్లని మళ్లీ పెట్టుకోవాలని కోర్టులు ఆదేశించినా అమలు కాలేదని ప్యానెల్ ఒప్పుకుంది. అయినా కేసు ఓడిపోయింది, ఎందుకంటే ఆ తప్పు రెండు దేశాల వ్యాపారం మీద ప్రభావం చూపేలా, మళ్లీ మళ్లీ జరిగిందని రుజువు కాలేదట. మనిషికి అన్యాయం జరిగితే చాలదు, సరుకు ధరలో అది కనపడాలి.

దీనికి మందు లేదనుకుంటే పొరపాటు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందంలో ఒక్కొక్క ఫ్యాక్టరీ మీదే ఫిర్యాదు చేసే పద్ధతి పెట్టారు, తప్పు తేలితే ఆ ఫ్యాక్టరీ సరుకుకి సుంకం లాభం ఆగిపోతుంది. మెక్సికోలో సిలావో అనే ఊళ్లో జనరల్ మోటార్స్ ప్లాంట్ మీద 2021 మే నెలలో మొదలుపెడితే, ఆగస్టుకల్లా పనివాళ్లు మళ్లీ ఓటు వేశారు, 2022 ఫిబ్రవరిలో వాళ్లకి నచ్చిన కొత్త యూనియన్ గెలిచింది. మా పోటీదారు వియత్నాం సంగతే తీసుకోండి. ఐరోపా సమాఖ్యతో వాళ్ల ఒప్పందం 2020 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. దానికోసమే అంతకుముందు 2019లో, యూనియన్ పెట్టుకుని బేరమాడే హక్కు గురించిన ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 98వ ఒడంబడికని వియత్నాం ఆమోదించింది. భారత్ దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. సంతకానికి ముందు అవతలి వాళ్లకి మన అవసరం ఉంటుంది, అడగాల్సింది అప్పుడే. మన దగ్గర జీడిపప్పు ఎగుమతిదారులని, ఆటో కంపెనీలని, మందుల కంపెనీలని పిలిచి అడుగుతారు, పీలింగ్ చేసే ఆడవాళ్ల సంఘాన్ని ఎవరూ పిలిచినట్టు నేను వినలేదు.

నాకు కావాల్సింది ఏమిటో సూటిగా చెప్తాను. సుంకం రాయితీతో పిక్క దించుకునే ప్రతి యూనిట్ దగ్గరా, పప్పు పంపే ప్రతి ఎగుమతిదారు దగ్గరా, పనివాళ్ల బాకీలు లేవని లేబర్ ఆఫీసు కాగితం అడగాలి. బాకీ ఉంటే రాయితీ ఆగాలి. కస్టమ్స్ దగ్గర సరుకుకి పుట్టిన దేశం సర్టిఫికెట్ అడుగుతున్నారు కదా, ఆ కాగితాల మధ్య ఇంకో కాగితం అడగడం కష్టమైన పనేమీ కాదు.

మళ్లీ కేసుకొస్తే, ఆర్డరు మాకు అనుకూలంగా వచ్చింది. కిలో లెక్క వాళ్లు ఉద్యోగులేనని, ఫ్యాక్టరీ సీజనల్ కాదని, అసలూ వడ్డీ కట్టాలని. యజమాని అప్పీలుకి వెళ్తానన్నారు. ఆ పాత గ్రాట్యుటీ చట్టంలో ఇక్కడ ఒక మంచి షరతు ఉంది, అప్పీలు చెయ్యాలంటే ఆర్డరులో చెప్పిన మొత్తం ముందు జమ చెయ్యాలి. మాలో పేర్లు సరిగ్గా కలిసిన వాళ్లవి జమ చేశారు, అప్పీలు నిలవలేదు, డబ్బు బ్యాంకుల్లో పడింది. నాదీ వచ్చింది. మిగిలిన వాళ్లది కట్టలేదు కాబట్టి కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బాకీలాగా వసూలు చెయ్యమని దరఖాస్తు పెట్టాం, ఆ ఫైలు నడుస్తోంది. పాత కంపెనీ పేరు మీద ఇప్పుడు ఆస్తి ఏమీ లేదంటున్నారు, కొత్త యూనిట్ వేరే పేరు మీద ఉంది. ఈ రెండూ ఒకరివేనని చూపించే కాగితాలు పోగు చేస్తున్నాం.

మూసివేత పరిహారం ఇంకో కేసు, అది లేబర్ కోర్టులో ఉంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం ఇవ్వాలి. తప్పనిసరి పరిస్థితుల్లో మూశామని చెప్తే మూడు నెలల జీతానికి మించి ఇవ్వక్కర్లేదు. కానీ నష్టాలు రావడం, సరుకు అమ్ముడుపోకపోవడం మాత్రమే కారణమైతే దాన్ని తప్పనిసరి పరిస్థితి అనకూడదని చట్టంలోనే వివరణ ఉంది. అంటే వియత్నాం పప్పు మాట అక్కడ చెల్లదు. మా వకీలు గారు ఈ వివరణ చదివి వినిపించినప్పుడు మా వాళ్లు రెండోసారి చదవమన్నారు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ తర్వాత పని పోయినవాళ్లు సామాజిక భద్రతా కోడ్ కింద దరఖాస్తు పెట్టుకోవాలి, మేం చేసినవి పాత చట్టం కింద. ఏ చట్టమైనా కాగితాలే ఆధారం. వారం వారం ఇచ్చే కూలి చీటీలు, ఈఎస్ఐ కార్డు, బోనస్ సంతకాల ఫోటో, ఫ్యాక్టరీ బస్సు పాస్, ఏది దొరికితే అది దాచుకోండి. పనిలో ఉండగానే మస్టర్‌లో మీ పేరు ఇంటిపేరుతో సహా ఎలా రాశారో చూసుకుని ఆధార్‌తో కలవకపోతే అప్పుడే దిద్దించండి. గంజాం, గజపతి, రాయగడ వైపు తెలుగువాళ్లకి ఫారాలు నింపడంలో సాయం కావాలంటే చేస్తాను, మా ఊరి నుంచి ఇంకో ఇద్దరు అక్కలు కూడా ఇప్పుడు ఈ పని నేర్చుకున్నారు.